గట్టి స్ప్రింగు

జీపు వెనక ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతోంది. కుడిది. ఎడమది పగిలింది.

దేవసహాయం ఆ లైటును వదలడు.

మోటార్ సైకిల్ హెడ్‌లైటు ఆర్పేశాడు. పొద్దు గూకి ఎంతోసేపు కాలేదు. రోడ్డు ఇంకా కనిపిస్తోంది. నంద్యాల వెనకబడింది. ముందు శిరివెళ్ల. ఆ తర్వాత ఆళ్లగడ్డ.

ఆళ్లగడ్డలో తమ్ముడున్నాడు. యోహాను.

జీపులో పిస్తోలుంది.

ఆ పిస్తోలుకు కొత్త స్ప్రింగు వేసింది దేవసహాయమే. ఈ సాయంత్రమే. ఈ చేతులతోనే.

గుంత...

బండి ఎగిరింది! హ్యాండిల్ చేతుల్లోంచి జారింది. కాలు నేలకు తన్ని నిలబెట్టుకున్నాడు.

తలెత్తేసరికి ఎర్ర లైటు లేదు.

యాక్సిలరేటర్ తిప్పాడు. మలుపు దాటాడు. ఉంది. దూరంలో, ఒక్క చుక్క.

దేవసహాయం ఊపిరి వదిలాడు.

*

సాయంత్రం ఇద్దరు షాపుకొచ్చారు.

సంజీవనగర్‌లో కుట్టు మిషన్ల రిపేరు షాపు అది. మిలిటరీలో దేవసహాయం ఆయుధాలు బాగుచేసే హవల్దారు. తిరిగొచ్చాక కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాడు. అప్పుడప్పుడు, షట్టరు సగం దించి, వేరేవి కూడా. కాదనడానికి లేదు. కాదన్నవాడి షాపు మర్నాడు ఉండదు.

ఆ పనికి వచ్చేవాళ్లు పేరు చెప్పరు. ఇతను అడగడు. వాళ్లూ ఇతని పేరు అడగరు. 'మిలిటరీ' అంటారు. పేరు తెలియనివాడు స్టేషన్లో పేరు చెప్పలేడు. ఇరుపక్కలా అదే మేలు.

వచ్చినవాళ్లలో ఒకడు జీపు డ్రైవరు. వాడు టీ హోటలుకు పోయాడు. రెండోవాడు బల్ల మీద తువ్వాల విప్పాడు. తొమ్మిది ఎంఎం పిస్తోలు. పక్కన కాగితం పొట్లం. పొట్లంలో రెండు స్ప్రింగులు.

"మద్రాసు నుంచి తెప్పించినా. కొత్తవి."

"పిస్తోలు చేసిన కంపెనీవి కావు ఇవి."

"యా కంపెనీవైతే ఏందప్పా. పడతాయా, ల్యాదా?"

"పడతాయి."

దేవసహాయం పిస్తోలు విప్పాడు. పాత స్ప్రింగు తీసి కొత్తవాటి పక్కన పెట్టాడు. పాతది కుంగిపోయింది. కొత్తవాటిలో ఒకటి మామూలుది. ఇంకోదాని తీగ లావు.

"లావుది ఎయ్."

"వద్దు."

"ఎందుకు వద్దు? గట్టిది కదా."

"నీ గుండ్లు చూపీ."

చూపించాడు. ఇత్తడి నల్లబడింది.

"పాతవి. లోపల మందు చప్పబడింటాది," అన్నాడు దేవసహాయం. పిస్తోలు పైభాగాన్ని వేలితో తట్టాడు. "ఇది స్లైడు. గుండు పేలితే ఆ ఊపుకు ఇది వెనక్కి పోవల్ల. పోయి ఖాళీ డొప్పను బయటికి ఇసిరెయ్యల్ల. ముందుకొచ్చేటప్పుడు కొత్త గుండును లోపలికి తోస్తాది. స్ప్రింగు మరీ గట్టిదైతే చప్పబడిన మందుకు ఆ ఊపు చాలదు. స్లైడు సగం పోయి తిరిగొస్తాది. డొప్ప ఆడనే ఇరుక్కుంటాది. ఒక్క గుండుతో సరి."

"మా పక్క గట్టిదానికే ఇలువ, మిలిటరీ."

"మీ పక్క కొడవలికి ఇలువ. దానికి స్ప్రింగు లేదు."

వచ్చినవాడు నవ్వాడు. నవ్వుతూనే మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగాడు. దేవసహాయం మామూలు స్ప్రింగు వేస్తుంటే చూశాడు. ఏది ముందు తీశాడో, ఏది తర్వాత పెట్టాడో. రెప్ప వేయలేదు. లావు స్ప్రింగును పొట్లంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

"పని చేస్తాదా?"

"ఉన్న గుండ్లన్నీ పేలతాయి."

"గుండు లారీ డోరులోంచి దూరుతాదా?"

దేవసహాయం చెయ్యి ఆగింది. అడగకూడదు. అడగలేదు.

"దూరుతాది."

జీపు పోయింది. వెంటనే లూదియా టీ గ్లాసుతో వచ్చింది. దేవసహాయం భార్య.

"ఎవరు ఈ జీపోళ్లు?"

"ఎవరో."

"ఆ డ్రైవరు టీ హోటల్ కాడ కూర్చోని మన యోహానును అడిగినాడంట. బేతంచెర్ల బండల లారీ ఈ పొద్దు యాడ దించుతాదని."

"హోటలాయన ఏం చెప్పినాడు?"

"ఆళ్లగడ్డలో కొత్త చర్చి కాడ అన్నాడంట. బాడుగకేమో అనుకున్నాడు."

లారీ డోరు...

దేవసహాయం స్టూలు మీద నుంచి లేచాడు.

పోయిన ఏడాది అవుకు రోడ్డులో శేషయ్య అనే కిరాణా వ్యాపారిని నరికి చంపారు. వెనకాలే యోహాను లారీ ఉంది. హెడ్‌లైట్ల వెలుగులో యోహాను అంతా చూశాడు. నరికినవాడు కొడవలి తుడుచుకుంటూ లారీ దగ్గరికొచ్చి ఒక్క మాట అన్నాడు.

"నువ్వేమీ సూల్లేదు కదా?"

యోహాను లేదని తల ఊపాడు. మర్నాడు స్టేషన్‌కు పోయి చూశానని చెప్పాడు.

నరికినవాడి పేరు ఓబయ్య. బెయిలు మీద ఉన్నాడు. రేపు నంద్యాల కోర్టులో యోహాను సాక్ష్యం. సాక్ష్యం పడితే ఓబయ్యకు ఉరో, యావజ్జీవమో. పడకపోతే కేసు లేదు.

ఓబయ్య పేరు దేవసహాయానికి తెలుసు. మొహం తెలియదు. మిలిటరీ తమ్ముడే యోహాను అని ఓబయ్యకూ తెలియదు.

ఇద్దరూ పేర్లు అడగలేదు.

"స్టేషన్‌కు పోదాం," అంది లూదియా.

"పోయి ఏం చెప్పల్ల? వాని పిస్తోలు నేనే బాగ చేసిచ్చినా అనా?"

"చెప్తే ఏమైతాది?"

"నన్ను కూర్చోబెడతారు. లేచేలోపల యోహాను ఉండడు." బండి తాళం తీసుకున్నాడు. "ప్రార్థన చెయ్."

"అది నువ్వు నాకు చెప్పేది కాదు. బేగా పో."

*

శిరివెళ్ల దాటాక జీపు ఆగింది.

రోడ్డు పక్కన కాలవ. జీపు రేడియేటర్ పొగలు కక్కుతోంది. డ్రైవరు డబ్బాతో నీళ్లు ముంచుతున్నాడు.

దేవసహాయం దూరంగానే ఇంజను ఆపాడు. బండిని వేపచెట్టుకు ఆనించాడు. జొన్నచేలోకి దిగాడు. చేను తల దాటి ఉంది. ఆకులు చెవులు కోస్తున్నాయి.

మాటలు వినిపించే దాకా పోయాడు.

"ఓబయ్యన్నా, ఒక మాట. చెప్తే తిడతావ్." డ్రైవరు గొంతు.

"తిట్టే మాటైతే తిడతా. చెప్పు."

"ఆ మిలిటరీ... యోహానుకు సొంత అన్న అంట."

డబ్బాలో నీళ్లు కారే చప్పుడు.

"ఎవరు చెప్పినారు పుల్లయ్యా?"

"టీ హోటలాయన. మన మిలిటరీ తమ్ముడే కదా యోహాను, అన్న్యాడు."

"యాడ అన్న్యాడు?"

"నంద్యాలలోనే."

"శిరివెళ్లలో చెప్తాండావా?"

"నువ్వు నిద్ర పోతాండావ్ కదన్నా. లేపితే తంతావ్."

చెంపదెబ్బ. డబ్బా కిందపడింది.

"లేపకపోయినా తంతివి," అన్నాడు పుల్లయ్య.

ఓబయ్య వినలేదు. "అందుకే వాడు గట్టిది వద్దన్న్యాడు. మెత్తది ఏసినాడు. నా చేతిలో ఇది పని చెయ్యకూడదని."

"అంతేలే. తమ్మున్ని సంపే పిస్తోలు అన్న బాగ చేసిస్తాడా?"

"టార్చి ఎయ్."

ఓబయ్య జీపు బానెట్ మీద తువ్వాల పరిచాడు. పిస్తోలు విప్పాడు. తడుముకోలేదు. సాయంత్రం చూసినదంతా చేతులకు గుర్తుంది. మామూలు స్ప్రింగు తీశాడు. కాలవలోకి విసిరాడు.

టప్...

జేబులోంచి పొట్లం తీశాడు. లావు స్ప్రింగు పెట్టాడు. స్లైడు బిగించి వెనక్కి లాగాడు. పళ్లు బిగపట్టాల్సి వచ్చింది.

"ఇదీ. ఇట్లుండల్ల."

"ఒకటి కాల్చి సూడన్నా."

"గుండు మీ నాయన ఇస్తాడా?"

జొన్నచేలో దేవసహాయం కదల్లేదు.

అతను వేసింది సరైన స్ప్రింగు. అది ఉండి ఉంటే తమ్ముడు చచ్చేవాడు. ఓబయ్య తన మాట నమ్మి ఉంటే చాలు, యోహాను చచ్చేవాడు.

నమ్మలేదు.

ఇప్పుడా పిస్తోలులో ఉన్నది ఒక్క గుండు. మిగతావి ఉన్నా లేనట్టే.

ఆ ఒక్కటి యోహానుకు తగలకూడదు. అంతకు ముందే పేలిపోవాలి. ఎక్కడైనా సరే. ఎవరి మీదైనా సరే.

వెనక్కి నడిచాడు. బండిని చేను గట్టు మీదుగా తోశాడు. జీపును దాటాడు. రోడ్డెక్కించాడు. కిక్కు కొట్టాడు.

ఇంజను దగ్గింది.

వెనక టార్చి తిరిగింది.

"ఎవడ్రా అది?"

మళ్లీ కొట్టాడు.

స్టార్టయింది!

*

ఇప్పుడు జీపు వెనక. బండి ముందు.

దేవసహాయం హెడ్‌లైటు వేశాడు. వీపు నిటారుగా పెట్టాడు. తెల్ల చొక్కా. వెనక జీపు లైట్లు ఆ చొక్కా మీదే పడుతున్నాయి.

కాల్చు, అనుకున్నాడు.

ఓబయ్య కాల్చలేదు.

వేగం తగ్గించాడు. జీపు దగ్గరికొచ్చింది. పుల్లయ్య అరుపు గాలిలో వినిపించింది.

"మిలిటరీవోడే అన్నా. కాల్చు."

"వీనికెందుకురా గుండు? గుద్దు."

దేవసహాయం తల తిప్పాడు. జీపు బంపరు చక్రం పక్కనే ఉంది.

గుద్దింది!

బండి ఒక పక్కకు, అతను ఒక పక్కకు. భుజం నేలకు తగిలింది. మోకాలు రాయికి తగిలింది. నోట్లో మన్ను.

జీపు ఆగలేదు. ఒక్క ఎర్ర లైటు పోతోంది.

లేచాడు. మోకాలు నిలబడనివ్వలేదు. రెండోసారి లేచాడు. బండి ముందు ఫోర్కు వంగింది. పెట్రోలు కారుతోంది. ఎత్తాడు. కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే పట్టుకుంది.

ముందు ఆళ్లగడ్డ. రోడ్డు ఊరిని చుట్టి చర్చికి పోతుంది. కాలవ గట్టు సూటిగా పోతుంది. గట్టు మీద జీపు పట్టదు. బండి పడుతుంది.

వంగిన ఫోర్కుతో గట్టెక్కాడు. చక్రం ఎడమకు లాగుతోంది. ఎడమన నీళ్లు. హ్యాండిల్‌ను కుడికి పట్టి ఉంచాడు. చేతులు తిమ్మిరెక్కాయి.

చెట్ల సందులో పెట్రోమాక్సు వెలుగు కనిపించింది. గోడలు లేచిన చర్చి. పైకప్పు లేదు. వాకిట్లో లారీ.

పెట్రోలు అయిపోయింది.

బండి వదిలేసి పరిగెత్తాడు.

*

యోహాను లారీ మీద ఉన్నాడు. గడ్డపారతో బండను వాల్చి కిందికి ఇస్తున్నాడు. కింద హమాలీలు ఇద్దరు. ఏసయ్య, సామ్యేలు. దించిన బండలు వాకిట్లో పరిచినట్టు పడి ఉన్నాయి. కొన్ని గోడకు ఆనించి నిలబెట్టారు.

దేవసహాయం గేటు దగ్గరికి వచ్చేసరికి జీపు కూడా వచ్చింది.

ఓబయ్య దిగాడు. పిస్తోలు చేతిలోనే ఉంది. పుల్లయ్య ఇంజను ఆపలేదు.

హమాలీలు పిస్తోలును చూశారు. నిలబెట్టిన బండల వెనక్కి దూరారు.

"యోహానూ," అన్నాడు ఓబయ్య. "ఆ పొద్దు నిన్ను మంచిగా అడిగితిని."

యోహాను గడ్డపార పట్టుకుని లారీ మీదే నిలబడ్డాడు. వెనక బండలు. పక్కన బండలు. దూకడానికి చోటు లేదు.

ఓబయ్య చెయ్యి లేచింది.

దేవసహాయం మధ్యలోకి నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెత్తేవాడికి దారి వదులుతారు. నడిచేవాడిని కాలుస్తారు.

"అన్నా!" యోహాను అరిచాడు. "ఈడికెందుకొచ్చినావ్?"

"నువ్వు దిగొద్దు."

ఓబయ్య చూపు మారింది. పిస్తోలు మారలేదు. "జరుగు మిలిటరీ. నీతో పని ల్యాదు."

"నాకుంది."

"మెత్తది ఏసి మోసం చేద్దామనుకున్న్యావ్. తీసి పారేసినా."

"ఏది ఏసినా కాల్చేది నువ్వే కదా. కొడవలి పట్టే చెయ్యి నీది. వెనక నుంచి నరికే చెయ్యి. ఎదురుగా నిలబడితే అది వణుకుతాది. ఇప్పుడు కూడా వణుకుతాండాది, చూసుకో."

వణకడం లేదు. అయినా ఓబయ్య చూసుకున్నాడు.

దేవసహాయం ఇంకో అడుగు వేశాడు. కింద బండ ముక్క దొరికింది. తీసి ఓబయ్య మొహానికి విసిరాడు.

తగిలింది. కనుబొమ్మ చీలింది.

పిస్తోలు ఇటు తిరిగింది.

పేలింది!

దేవసహాయం బండల మీద పడ్డాడు. ఎడమ భుజం. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది.

అతను భుజం చూసుకోలేదు. పిస్తోలు చూశాడు.

స్లైడు సగం పోయి తిరిగొచ్చింది. ఇత్తడి డొప్ప మధ్యలో నిక్కబొడుచుకుని నిలబడింది. పొగ వస్తోంది.

ఓబయ్య లారీ వైపు తిప్పాడు. నొక్కాడు. పేలలేదు. మళ్లీ నొక్కాడు. పిస్తోలును తిప్పి చూశాడు. సాయంత్రం స్ప్రింగు మార్చడం చూశాడు. ఇరుక్కుంటే తీయడం చూడలేదు.

"సాయంత్రమే చెప్పినా," అన్నాడు దేవసహాయం కింద నుంచి. "ఒక్క గుండుతో సరి అని. అబద్ధం కాదు."

ఓబయ్య అతనివైపు చూశాడు.

వెనక గేరు పడింది. జీపు రివర్సులో పోతోంది. ఒక్క ఎర్ర లైటు గేటు దాటి పోయింది.

యోహాను దూకాడు.

గడ్డపార ఓబయ్య మణికట్టు మీద పడింది. ఎముక చప్పుడు. రెండో దెబ్బ మోకాలికి. పిస్తోలు బండ మీద పడి జారింది. ఓబయ్య కూలాడు.

"సాలు," అన్నాడు దేవసహాయం. "సాలు రా. వాని చేతిలో ఏమీ లేదు. తాడు తెచ్చి కట్టెయ్. పొద్దున కోర్టుకు మనమే తీస్కపోదాం."

అయిపోయింది. తమ్ముడు బతికాడు. అనుకున్నది అదే. దేవసహాయం తల బండకు ఆనించాడు. బండ చల్లగా ఉంది.

యోహాను తాడు కోసం పోలేదు.

పిస్తోలు తీశాడు.

"యోహానూ. కింద పెట్టు."

యోహాను పిస్తోలును వెలుగుకు పట్టి చూశాడు. లారీ పట్టక ముందు అన్న షాపులో పని చేశాడు. మిషన్లలో ఇరుక్కున్న దారాలు, విరిగిన సూదులు విడిపించినవాడు. డొప్ప ఎక్కడ ఇరుక్కుందో చూశాడు. స్లైడు గట్టిగా వెనక్కి లాగాడు.

డొప్ప రాలింది. స్లైడు ముందుకొచ్చింది. కొత్త గుండు లోపలికి పోయింది. ఆ చప్పుడు దేవసహాయానికి తెలుసు.

"రేపు సాక్ష్యముంది రా నీకు."

"చెప్తే ఏమైతాదన్నా? వీడు మళ్లీ బెయిలు మీద వస్తాడు. మళ్లీ లారీ ఎతుక్కుంటాడు. రాత్రి పూట జీపు చప్పుడు అయితే చాలు, లేచి కూర్చుంటాండా. ఎన్నాళ్లు కూర్చోవల్ల?"

"యోహానూ," అన్నాడు ఓబయ్య. విరిగిన చెయ్యి ఛాతీకి పట్టుకున్నాడు. "నేనే ఒప్పుకుంటా. కోర్టులో నేనే చెప్తా. శేషయ్యను నేనే..."

పేలింది!

ఓబయ్య వెనక్కి పడ్డాడు. చర్చికని తెచ్చిన బండ మీద. కాలు ఒకసారి కదిలింది. ఆ తర్వాత లేదు.

దేవసహాయం లేవబోయాడు. చెయ్యి నిలబడలేదు. మళ్లీ పడ్డాడు.

రెండో డొప్ప కూడా ఇరుక్కుంది. నిలబడి పొగ వదులుతోంది. లావు స్ప్రింగు. చప్పబడిన మందు.

గోడ పక్కన ఒక బండ కదిలింది.

యోహాను తిరిగాడు.

నిలబెట్టిన బండల వెనక నుంచి హమాలీలు లేచారు. ముందు ఏసయ్య. వెనక సామ్యేలు. పెట్రోమాక్సు వాళ్ల మొహాల మీద ఉంది. వాళ్ల కళ్లు ఓబయ్య మీద ఉన్నాయి. తర్వాత యోహాను చేతి మీద.

యోహాను వాళ్ల దగ్గరికి నడిచాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"మీరేమీ సూల్లేదు కదా?"

ఇద్దరూ లేదని తల ఊపారు.

ఆ తల ఊపుడు యోహానుకు తెలుసు. అవుకు రోడ్డులో తనూ అట్లనే ఊపాడు.

"యోహానూ..." అన్నాడు దేవసహాయం.

యోహాను వెనక్కి చూడలేదు. ఎడమ చెయ్యి స్లైడు మీద పడింది. వెనక్కి లాగాడు.

డొప్ప బండ మీద పడి మోగింది.